టూ వీలా, ఫోర్ వీలా: వానాకాలం ఘాటీ బురదకి బండి ఎంచుకునే లెక్క

జూన్‌లో నాలుగు వానలు పడ్డాయంటే ఒడిశాలోని రాయగడలో మా షెడ్డుకి వచ్చే ప్రతివాడూ అడిగేది ఒకటే. "అన్నయ్యా, ఫోర్ వీల్ తీసుకోమంటావా, టూ వీల్ చాలంటావా?" ఇంజను నాలుగు చక్రాలనీ తిప్పే పికప్పుని ఫోర్ వీల్ అంటాం, వెనక రెండు చక్రాలనే తిప్పేదాన్ని టూ వీల్ అంటాం. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. "ఖాళీగా ఎక్కడ దిగబడుతున్నావు?"

చాలామందికి ఇది తిక్క ప్రశ్నలా వినిపిస్తుంది. లోడుతో ఎక్కడ ఆగిపోతావని కదా అడగాలి అంటారు. కాదు. కాశీపూర్ వైపు సంతకి బియ్యం, ఉల్లి, నూనె డబ్బాలు వేసుకుని వెళ్లిన పికప్పు ఎర్రమట్టి ఎత్తుని మూలుగుతూనైనా ఎక్కేస్తుంది. సరుకు దించేసి వస్తుంటే చూడాలి, అంతకంటే చిన్న ఎత్తు దగ్గర వెనక చక్రాలు గిర్రున తిరిగి, బురద వెనకున్నవాడి మొహాన కొట్టి, బండి అక్కడే కూలబడుతుంది. డ్రైవర్లందరికీ తెలిసిన సంగతే ఇది. ఎందుకలా అవుతుందో ఆగి ఆలోచించినవాళ్లు తక్కువ. అది తెలిస్తే ఏ బండి కొనాలో సగం తేలిపోయినట్టే.

మా మేనల్లుడు అమెరికాలో మిషిగన్‌లో ఉంటాడు. పోయినేడు ఫోన్ చేసి, "మావయ్యా, పాత ట్రక్కు ఒకటి కొందామనుకుంటున్నా, చలికాలం మంచు తొయ్యడానికి" అన్నాడు. మన వైపు ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. తొట్టితో మంచు ఎలా తోస్తావురా అన్నాను. వాడు నవ్వి విడమరిచి చెప్పాడు. అక్కడ పికప్పు బండినే ట్రక్కు అంటారు. దాని ముందు ఇనప పార కట్టి, ఇళ్ల ముందు, దుకాణాల ముందు పేరుకున్న మంచుని పక్కకి నెట్టి డబ్బులు తీసుకుంటారు. టూ వీల్ బండి చవగ్గా వస్తోంది, చాలదా అని వాడి ప్రశ్న. నేను చూసిన మంచల్లా దేవమాలి కొండ మీద పొద్దున్నే గడ్డికి పట్టే తెల్లటి నూగు. అయినా వాడికి చెప్పిన లెక్క, ఇక్కడ కుర్రాళ్లకి చెప్పే లెక్క వేరు కాలేదు. జారే నేల జారే నేలే.

ముందు కాటా ఎక్కించండి

పత్తి, జీడి కొనే చోట లారీలు తూచే కాటా ఉంటుంది. ఖాళీ బండిని మొత్తంగా ఒకసారి తూయించండి. తరవాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఆపి ఇంకోసారి తూయించండి. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే వెనక ఇరుసు మీద పడే బరువు వస్తుంది. ఈ రెండు అంకెలూ డాష్‌బోర్డు మీద రాసి పెట్టుకోండి.

లెక్క సులువుగా ఉండడానికి, ఖాళీ బండి 1700 కేజీలు, అందులో ముందు 950, వెనక 750 అనుకుందాం. ఇంజను, క్యాబిను ముందుంటాయి కాబట్టి ఖాళీ పికప్పు ఎప్పుడూ ముందుకే బరువు. మన టూ వీల్ పికప్పులన్నిటికీ ఇంజను తిప్పేది వెనక చక్రాలని.

ఇప్పుడు నేల పట్టు. పొడి తారు మీద చక్రం మీద వంద కేజీల బరువు పడితే డెబ్బై, ఎనభై కేజీల లాగుడు దొరుకుతుంది. తడి తారు మీద అది సుమారు యాభైకి దిగుతుంది. తడిసిన ఎర్రమట్టి మీద ముప్పై అనుకోండి, జిగురు మట్టయితే ఇంకా తక్కువ. తొక్కి గట్టిపడిన మంచు మీద ఇరవై, ముప్పై మధ్య. గాజులా గడ్డకట్టిన ఐసు మీద పదికి అటూ ఇటూ.

ఎత్తు సంగతి. పది అడుగులు ముందుకెళ్తే అడుగు లేచే ఎత్తు మీద బండి బరువులో పదో వంతు వెనక్కి లాగుతుంది. మెత్తటి బురద చక్రాన్ని పట్టుకుని లాగడం ఇంకో ఇరవయ్యో వంతు. మన 1700 కేజీల ఖాళీ బండికి 170, 85 కలిసి 255 కేజీల అడ్డు అన్నమాట. వెనక చక్రాలకి దొరికే పట్టు 750లో నూటికి ముప్పై, అంటే 225. చాలదు. చక్రం తిరుగుతుంది, బండి కదలదు.

అదే బండిలో సరిగ్గా వెనక ఇరుసు మీద 500 కేజీలు వేశారు. మొత్తం 2200, వెనక 1250. అడ్డు 330, పట్టు 375. ఎక్కుతుంది, కష్టంగానైనా.

ఇప్పుడు ఖాళీ బండికే నాలుగు చక్రాలూ లాగాయనుకోండి. 1700లో నూటికి ముప్పై, 510. అడ్డు 255. రెట్టింపు పట్టు చేతిలో ఉంది. ఫోర్ వీల్ మహత్యమంతా ఇదే. ఇంజను బలం పెరగలేదు. ముందు చక్రాల మీద ఊరికే కూర్చున్న 950 కేజీలు కూడా పనిలోకి వచ్చాయి, అంతే.

ఎత్తు ఇంకా నిటారై ఆరడుగులకి అడుగు లేచే చోట 500 కేజీల లోడున్న టూ వీల్‌కి అడ్డు 475 దాటుతుంది. పట్టు మాత్రం అదే 375. అక్కడ బస్తాలు వేసినా, దండం పెట్టినా ఎక్కదు. అదే లోడుతో ఫోర్ వీల్‌కి 660 పట్టుంది, ఎక్కుతుంది. మీ దారిలో అలాంటి ఎత్తు ఒక్కటుందా, అది కచ్చా రోడ్డా, తారా అన్నది చూసుకోండి. కొనుగోలు నిర్ణయం అక్కడుంది, షోరూములో లేదు.

మీ దారి ఏ రకం

జాతీయ రహదారి 26 మీద సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి, కోరాపుట్ వెళ్లేవాడికి ఫోర్ వీల్ అనవసరం. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ పోయే 326 కూడా తారే. వాన పడ్డా తారు తారే. గుణుపూర్, పర్లాకిమిడి, పార్వతీపురం మధ్య తిరిగే కిరాణా బండ్లకీ అంతే. అలాంటివాళ్లు ఫోర్ వీల్ కొని ఏడాదంతా అదనపు బరువు మోసి, అదనపు డీజిలు తాగించి, ఫోర్ వీల్ వేసే లీవరు ఒక్కసారైనా కదపకుండా అమ్మేసిన బండ్లు నా షెడ్డు ముందే మూడు చూశాను.

తారు వదిలి కొండ మీది ఊళ్లకి కచ్చా రోడ్డెక్కేవాళ్ల సంగతి వేరు. నేను అడిగేవి మూడే. జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికి ఎన్ని రోజులు తారు దిగుతారు? తిరుగు ప్రయాణం ఖాళీగానా, అల్లమో, పసుపో, కొండ చీపుళ్లో వేసుకుని వస్తారా? ఆగిపోతే లాగడానికి ట్రాక్టరు ఎంత దూరంలో ఉంది? వారానికి ఒక రోజే, తిరుగు లోడూ ఉంటుంది, ఊళ్లో ట్రాక్టరుంది అంటే టూ వీల్ కొని మిగిలిన డబ్బు మంచి టైర్ల మీద పెట్టమంటాను. రోజూ వెళ్లాలి, గర్భిణిని దించాల్సొచ్చినా మీ బండే దిక్కు అంటే మాత్రం బేరం ఆడకుండా ఫోర్ వీల్ తీసుకోమంటాను. పికప్పుల్లో బొలెరో క్యాంపర్, టాటా యోధ లాంటివాటిలో ఫోర్ వీల్ రకాలు వచ్చాయి. కొంచెం ఖరీదైనా పర్వాలేదనుకుంటే ఇసుజు వి-క్రాస్ ఉంది.

ఇంకో మాట. లోడు బండి ఎక్కుతుందని చెప్పాను గాని అది అడుగున గట్టి నేలుండి పైన మాత్రమే జారే చోట. వరిమడి లాంటి మెత్తటి చోట లోడు వేస్తే పట్టు పెరిగేలోపే చక్రం ఇరుసు దాకా దిగిపోతుంది. అనుమానమొస్తే దిగి మడమతో పొడవండి. మడమ రెండంగుళాల్లో ఆగితే వెళ్లండి. చీలమండ దాకా పోతే వద్దు.

టైర్లు మొదట, మిగతావన్నీ తరవాత

గుండు టైర్లున్న ఫోర్ వీల్ కంటే కొత్త టైర్లున్న టూ వీల్ నయం. ఎక్కడం ఒక్కటే కాదు, ఆగడం, మలుపు తిరగడం అన్నీ టైరు మీదే. బురదకి గాళ్లు లోతుగా, ఎడంగా ఉన్న టైరు కావాలి. గాళ్లు దగ్గరగా ఉంటే ఎర్రమట్టి వాటిలో ఇరుక్కుని రెండు చుట్లకే టైరు మట్టి ముద్దయిపోతుంది. నిదానంగా వెళ్తే ఆ మట్టి ఊడదు. కాబట్టి బురద పట్టిందనిపించినప్పుడు గట్టి చోట చక్రాన్ని ఒక్క క్షణం వేగంగా తిప్పి మట్టిని విసిరేయాలి.

గాలి సంగతి. ఖాళీ బండి మీద, బురద ముక్క దాటడానికి మాత్రమే, 35 పీఎస్ఐ ఉన్న గాలిని పాతికకి దించితే టైరు పరుచుకుని పట్టు పెరుగుతుంది. లోడు మీద ఇది చేయొద్దు. తారెక్కగానే మళ్లీ నింపాలి. సిగరెట్ లైటరుకి తగిలించే చిన్న పంపు సీటు కింద ఉండాలి. పంపు లేనివాడు గాలి తీయకూడదు.

టైర్లకి చుట్టే గొలుసులు మంచు దేశాల్లోనే కాదు, మన దగ్గరా పనికొస్తాయి. దొరక్కపోతే బొటనవేలంత లావు తాడుని చక్రం రంధ్రాల్లోంచి తీసి టైరు చుట్టూ ఐదారు చోట్ల అడ్డంగా బిగించి కట్టండి. బ్రేకు పైపుకి, క్యాలిపర్‌కి తాడు తగలకుండా, కట్టిన చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి చూసుకోవాలి. లాగే చక్రాలకే కట్టాలి, అంటే టూ వీల్‌కి వెనక. నడక వేగమే. బురద దాటగానే విప్పేయాలి.

బరువు ఎక్కడ పెట్టాలో

ఖాళీగా వచ్చేటప్పుడు ఇసుక బస్తాలు వేసుకోవడం పాత అలవాటే. తేడా అంతా వాటిని ఎక్కడ పెడతామన్న దాంట్లో ఉంది.

నా అనుభవం చెప్తాను. పదేళ్ల కిందట ఒక సాయంత్రం నారాయణపట్నం వైపు నుంచి ఖాళీగా వస్తూ ఆరు ఇసుక బస్తాలు వేయించాను. క్లీనరు కుర్రాడు ఎక్కించడం సులువని అన్నిటినీ డాలా అంచునే, అంటే బండి వెనక కొసనే, పేర్చాడు. నేను చూశాను, ఏమీ అనలేదు, తప్పు నాదే. ఎత్తు మీద బండి పులిలా లాగింది. పైకెక్కాక కుడి మలుపు వచ్చింది. స్టీరింగు తిప్పాను. చేతికి తేలిగ్గా, వెన్నలా తిరిగింది. ముందు చక్రాలు తిరిగాయి, బండి మాత్రం తిన్నగానే పోయింది. అదృష్టవశాత్తు ఆ వైపు లోయ కాదు, కొండ పక్క కాలవ. ముందు చక్రం కాలవలో పడి ఆగాం. కుర్రాడు దిగి, బస్తాల వైపు చూసి, "బాబూ, ముందుకి జరపనా?" అన్నాడు.

వెనక ఇరుసు దాటి పెట్టిన బరువు ముందు భాగాన్ని పైకెత్తుతుంది, ఉయ్యాల బల్ల లాగా. ఇరుసుల మధ్య దూరం మూడు మీటర్లనుకుంటే, వెనక ఇరుసుకి అవతల అరవై సెంటీమీటర్ల దూరంలో 300 కేజీలు పెడితే వెనక 360 పెరుగుతుంది, ముందు 60 తగ్గుతుంది. పట్టు బాగుందనిపిస్తుంది. ఆ అరవై కేజీలు స్టీరింగు పట్టులోంచి పోయినవి. కాబట్టి బస్తాలు వెనక ఇరుసుకి సరిగ్గా పైన, చక్రాల గూళ్ల మధ్య ఉండాలి. తాడుతో కట్టాలి. బ్రేకు కొడితే ముందుకి దూసుకొచ్చే వంద కేజీల బస్తాకి క్యాబిను అద్దం ఒక లెక్కా? ఇంకో ఉపయోగం కూడా ఉంది, దిగబడితే ఒక బస్తా కోసి చక్రం కింద ఇసుక పోయొచ్చు.

మా మేనల్లుడి బండికి ఇదే లెక్క తిరగబడుతుంది. మంచు పార సుమారు 350 కేజీలుంటుంది, అది ముందు ఇరుసుకి ఇంకా ముందు వేలాడుతుంది. ఒకటింబావు మీటరు ముందు అనుకుని పై కొలతలే వేస్తే వెనక ఇరుసు మీంచి 140 కేజీలకి పైగా లేచిపోతుంది. అసలే తేలిగ్గా ఉన్న వెనక భాగం ఇంకా తేలిక. అలాంటి టూ వీల్‌కి లాగే చక్రాల మీదే బరువుండదు. అందుకే పారలు తయారుచేసేవాళ్లు వెనక ఇరుసుకి అవతల బరువు కట్టమంటారు. ముందు పార ఉంది కాబట్టి అక్కడ అదే సరి, మనకి తప్పు. ఇంటి ముందు చదునుగా ఉండి, గొలుసులు, బస్తాలు వేసుకుని, మంచు పడుతుండగానే రెండు మూడు సార్లు తోసుకునేవాడికి టూ వీల్ నడుస్తుంది. డబ్బు తీసుకుని పదిళ్లు తిరిగేవాడికి నడవదు. వాడికి అదే చెప్పాను.

ఫోర్ వీల్ ఉంటే దాన్ని వాడే పద్ధతి

మన పికప్పుల్లో, పాత జీపుల్లో ఉండేది అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునే ఫోర్ వీల్. లీవరుకి టూ హై (మామూలు టూ వీల్), ఫోర్ హై (మామూలు వేగంలో నాలుగు చక్రాలు), ఫోర్ లో (తక్కువ వేగంలో నాలుగు చక్రాలు) అని మూడు స్థానాలు. ఫోర్ లోలో లాగుడు సుమారు రెండున్నర రెట్లు పెరిగి వేగం అంతే తగ్గుతుంది.

బురదలోకి దిగకముందే వేసుకోండి. దిగబడ్డాక వేసుకునేవాడు అప్పటికే నాలుగు చక్రాలకీ గోతులు తవ్వేసి ఉంటాడు. ఫోర్ హైకి నడక వేగంలో, చక్రాలు జారకుండా ఉన్నప్పుడు. ఫోర్ లోకి పూర్తిగా ఆపి, క్లచ్చి తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి. పాత జీపులకి ముందు చక్రాల మధ్యలో, షాఫ్టుని చక్రానికి కలిపే హబ్బులు చేత్తో తిప్పి బిగించేవి ఉంటాయి. లీవరు వేసి హబ్బు మరిచిపోతే ముందు షాఫ్టు తిరుగుతుంది, చక్రం తిరగదు. దాన్ని ఫోర్ వీల్ అనుకుని నడిపినవాళ్లని చూశాను.

పొడి తారు మీద ఫోర్ వీల్ వేయొద్దు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. ఈ బండ్లలో ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ తాళం వేసినట్టు కలిపేస్తారు, ఆ తేడాని సర్దుకునే ఏర్పాటు ఉండదు. బురదలో చక్రం కొద్దిగా జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, మెలి అంతా షాఫ్టుల్లో బిగుసుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, లీవరు వెనక్కి రాదు. మా నాన్నగారి కమాండర్ జీపుని నేను కుర్రతనంలో కోరాపుట్ దాకా అలాగే తోలి క్రాస్ జాయింటు విరగ్గొట్టాను. లీవరు బిగుసుకుంటే సుత్తి తీయకండి. నాలుగడుగులు తిన్నగా రివర్సు పోనిస్తే మెలి విడుస్తుంది.

నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకేలా అరిగినవి ఉండాలి. ముందు కొత్తవి, వెనక గుండువి వేస్తే ఆ మెలి తిన్నగా వెళ్తున్నప్పుడు కూడా పడుతుంది.

నాలుగు చక్రాలు లాగుతాయన్నా అన్నీ ఒకేసారి లాగవు. ఇరుసు మధ్యలోని క్రౌను పీనియన్ గూడు పట్టు లేని చక్రానికే తిరుగుడంతా వదిలేస్తుంది. ఒక ముందు చక్రం, ఒక వెనక చక్రం గాల్లో లేచాయంటే ఫోర్ వీల్ కూడా నిలబడిపోతుంది. వెనక ఇరుసుకి రెండు చక్రాల్నీ కలిపి తిప్పే లాకింగ్ ఉన్న బండి దొరికితే అది మేలు. లేకపోతే రెండు పక్కల చక్రాల్నీ గోతుల్లోకి దింపకుండా ఒక పక్క చక్రాల్ని గట్టు మీద నడపాలి.

ఫోర్ వీల్ ఎక్కిస్తుంది గాని ఆపదు. ఇది మా కుర్రాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. టూ వీల్‌కైనా బ్రేకులు నాలుగు చక్రాలకే ఉంటాయి. సుంకి ఘాటీలో తొలకరి పడి తారు మీద పాత డీజిలు, దుమ్ము తేలినప్పుడు రెండూ ఒకేలా జారతాయి. కాకపోతే కచ్చా దిగుడులో ఫోర్ లో, మొదటి గేరు వేస్తే ఇంజను పట్టు నాలుగు చక్రాలకీ పంచుకుంటుంది, బ్రేకు కాలు తాకనవసరం లేదు. ఆ సుఖం నిజమే. సులువుగా ఎక్కేశాం కదా అని అదే ఊపులో దిగేవాడే లోయలోకి పోతాడు.

పాత ఫోర్ వీల్ కొంటే

స్టిక్కరు చూసి కొనొద్దు, 4×4 స్టిక్కరు ఏ షాపులోనైనా దొరుకుతుంది. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ఇంజను ఆపి, గేర్లో ఉంచి, ఫోర్ హై వేసి, ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపండి. చేత్తో తిప్పితే అది కొద్దిగా ఊగి ఆగిపోవాలి. హాయిగా తిరిగిందంటే హబ్బో, షాఫ్టో, లోపలి పళ్లో పోయాయి. రెండో పక్క కూడా చూడండి. తరవాత ముందు క్రౌను గూడు నూనె బోల్టు వదులు చేయించి రెండు చుక్కలు వేలి మీద పోయించుకోండి. పాలలా తెల్లగా ఉంటే వాగు నీళ్లు లోపలికి పోయాయని అర్థం. బేరగాడు కసురుకుంటే ఇంకో బండి చూసుకోండి.

సరిహద్దులో ఉన్నాం కాబట్టి కాగితం మాట. విజయనగరం, పార్వతీపురం వైపు చవగ్గా వచ్చిందని బండి తెచ్చుకుంటే అక్కడి ఆర్టీవో దగ్గర ఫారం 28 మీద ఎన్ఓసీ, అమ్మకానికి 29, 30 ఫారాలు, ఫైనాన్సు ఉంటే తీరినట్టు ఫారం 35. అన్నీ చేతికొచ్చాకే డబ్బు మొత్తం ఇవ్వండి. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. మా రాయగడకి ఓడీ 18.

ముందు పార కడదామా

పికప్పు ముందు పార కట్టి, రోడ్డు మీద జారిపడ్డ కొండమట్టి తోయొచ్చు కదా అని ఒక కుర్రాడు వీడియోలు చూపించాడు. ఆ వీడియోలు మంచువి. పది మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, ఇరవై సెంటీమీటర్ల మందం తీసుకోండి, ఆరు ఘనమీటర్లు. అప్పుడే కురిసిన మంచయితే ఘనమీటరు వంద కేజీలే, మొత్తం 600 కేజీలు. అదే తడి కొండమట్టయితే ఘనమీటరు సుమారు 1800 కేజీలు, మొత్తం పది టన్నుల పైన. పికప్పు ఛాసిస్ వంగిపోతుంది. పైగా రిజిస్టరైన బండికి ఇలాంటి మార్పు చేయడం మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఆ పని ట్రాక్టరుది, పెద్దదైతే జేసీబీది.

ట్రాక్టర్లోనూ ఇదే ప్రశ్న. టూ వీల్ ట్రాక్టరు ముందు భాగం తేలిక, ముందు టైర్లు చిన్నవి, పార ముందు కడితే అవి నేలలోకి దిగి స్టీరింగు తిరగదు. దానికి వెనక మూడు పాయింట్ల హుక్కుకి తగిలించే లెవెలరు బ్లేడే సరి. లాగుతున్నప్పుడు బరువు లాగే చక్రాల మీదికే వస్తుంది. ముందు డోజరు బ్లేడు కావాలంటే ఫోర్ వీల్ ట్రాక్టరే, వెనక టైర్లలో నీళ్లు నింపి. వాల్వు పైకి ఉండేలా చక్రాన్ని నిలిపి వాల్వు మట్టం దాకా నింపితే ముప్పావు వంతు అవుతుంది. మిగతాది గాలి. మంచు దేశాల్లో ఆ నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడు కలుపుతారట, మనకా బాధ లేదు. ఫోర్ వీల్ ట్రాక్టరుకి దిగుడులో ఇంకో లాభం ఉంది. చాలా ట్రాక్టర్లకి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, ఫోర్ వీల్ వేస్తే షాఫ్టు ద్వారా ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి.

మట్టి తీసేముందు పైకి చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా బారాఘరలో కొండచరియ విరిగి జనం పోయారు. ఆ సంగతి ఇటువైపు ఎవరూ మరవలేదు. వాన పడుతుండగా చరియ కింద పని మొదలుపెట్టొద్దు. పైన నేలకి కొత్త పగుళ్లు, కొత్తగా ఒరిగిన చెట్లు, ఊరుతున్న బురద నీళ్లు, ఒకటీ అరా దొర్లుతున్న గులకరాళ్లు కనబడితే బండి వెనక్కి తీయండి. పని సాగినంతసేపూ ఒక మనిషి దూరంగా నిలబడి పైకే చూస్తూ ఉండాలి, విజిలు వాడి నోట్లో ఉండాలి. ఇంజను చప్పుడులో అరుపు వినబడదు.

అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో విడతకి జానెడు మించకుండా, తక్కువ గేర్లో తీసుకురావాలి. కుప్ప మధ్యలోకి దూసుకెళ్తే పైనున్నది జారి మీదికే వస్తుంది. లోయ అంచుకి మీటరు దూరంలో ఆగండి. వాన నానబెట్టిన అంచు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కింద పొలాలుంటే మట్టి అటు నెట్టకండి. కొండ పక్క కాలవ, తూములు మూసుకుపోకుండా పారతో తెరిపించాకే పని అయినట్టు. ఆ రాత్రి వాన పడితే నీళ్లు మళ్లీ రోడ్డు మీదికి రాకూడదు.

దిగబడితే

యాక్సిలరేటరు వదిలేయండి. ఒక్క నిమిషం తిప్పితే అంగుళంగా ఉన్న గొయ్యి జానెడవుతుంది. లాగే చక్రాల ముందు మట్టిని పారతో వాలుగా చెక్కి, రాళ్లు, కొమ్మలు, గోనెసంచులు తోయండి. రెండో గేర్లో క్లచ్చి మెల్లగా వదలండి, మొదటి గేరు చక్రాన్ని తిప్పేస్తుంది. ట్రాక్టరుతో లాగిస్తే తాడు ఛాసిస్ హుక్కుకే కట్టాలి, బంపరుకి కాదు. తాడు మధ్యలో తడి గోనెసంచి వేలాడదీయండి, తెగినా కొరడాలా లేవదు. తాడు పొడవు దూరంలో ఎవరూ నిలబడకూడదు, వీడియో తీసే కుర్రాళ్లతో సహా.

ఇంటికొచ్చాక ఎంత అలిసినా బురద ఆరకముందే నీళ్లు కొట్టండి. ఎర్రమట్టి ఎండితే సిమెంటే. ముందు హబ్బుల చుట్టూ, స్ప్రింగుల కమాన్ కట్టల మధ్య, క్రౌను గూడు మీది చిన్న గాలిగొట్టం చుట్టూ చూసి చూసి కడగాలి. ఆ గొట్టం మూసుకుపోతే వేడెక్కిన గూడు తరవాతి వాగులో చల్లబడి నీళ్లని సీళ్లలోంచి లోపలికి పీల్చుకుంటుంది. వారం పోయాక నూనె చూసుకుంటే పాలలా కనబడేది అందుకే. మర్నాడు పొద్దున్న చక్రాల నట్లు ఒకసారి బిగించి, గాలి మళ్లీ 35కి పెట్టి, ఇసుక బస్తాలు తడవని చోట పెట్టించండి.